చిన్న అలకు వెడల్పు పలక

జనగామ ప్రాంతంలో పుట్టి పెరిగిన మాబోటివాళ్లకు సముద్రమంటే సండేస్కూలు గోడమీది పటమే. పటంలో ఒక దోనె, దోనె వెనుక భాగాన తలగడ మీద నిద్రిస్తున్న ప్రభువు, చుట్టూ లేచిన అలలు, భయంతో తెల్లబోయిన శిష్యులు. చిన్నప్పటినుండి అల అంటే మాకు అంతే. మాది చెలకల నేల. రాళ్లు ఎక్కువ, వానలు తక్కువ. చెరువులో గాలికి లేచే ముడతలు తప్ప వేరే అలను మేము ఎరుగం.

అయినా ఒకప్పుడు ఈ నేలమీది పిల్లలకు నీళ్లంటే భయం లేదు. మా తండ్రుల కాలంలో ప్రతి పొలానికి ఒక మోటబావి ఉండేది. పిల్లవాడికి ఏడెనిమిదేళ్లు రాగానే నడుముకు ఎండిన సొరకాయ బుర్రో, బెండ్ల కట్టో బిగించి బావిలోకి తోసేవారు. మేనమామ గట్టుమీద నిలబడి నవ్వుతుండేవాడు. నాలుగు రోజులకు బుర్ర అవసరం తీరిపోయేది. తరువాత బోర్లు వచ్చాయి, నీళ్లు పాతాళానికి దిగాయి, బావులు ఎండిపోయాయి. కొన్నిటిని పూడ్చి పత్తి పెట్టారు. ఊరికి ఈత నేర్పిన బడి అలా మూతపడింది. ఆ తరువాత దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్లు మా చెరువుల్లోకి వచ్చాయి. ఏళ్ల తరబడి తుమ్మచెట్లు మొలిచిన చెరువులు నిండి మత్తళ్లు దుంకాయి. దేవునికి స్తోత్రం చెప్పుకున్నాం. కాని బావులు లేని కాలంలో పెరిగిన పిల్లలకు ఇప్పుడు నీళ్లున్నాయి, ఈత లేదు. సెలవు దినాన మత్తడి దగ్గరికి సరదాగా వెళ్లి శవమై వచ్చిన బిడ్డల వార్త మన జిల్లాల్లో కొత్తది కాదు. అలాంటి భూస్థాపనలలో తల్లుల ప్రక్కన నిలబడిన ఏ పాస్టరుగారినైనా అడగండి, ఆ రోజు వాక్యం చెప్పడం ఎంత కష్టమో చెబుతారు.

ఈ నేపథ్యంలోనే మా సంఘ యవ్వనస్థులు ఒక కోరిక బయటపెట్టారు. క్రిస్మస్‌కు ముందు పత్తి ఏరి కూడబెట్టిన కూలి డబ్బులతో అలలమీద నిలబడి సాగే పలక, అంటే సర్ఫింగ్ బోర్డు ఒకటి కొనాలట. జనవరిలో విశాఖపట్నంలో కూటమికి వెళ్లినప్పుడు సముద్రంలోను, మిగతా ఏడాదంతా మన చెరువులోను వాడుకోవచ్చునట. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈ ఆటను మొదటిసారి చేర్చినప్పటినుండి ఫోనుల్లో దానిని చూస్తూనే ఉన్నారు. పెద్దలలో కొందరు నవ్వారు. కొందరికి కోపం వచ్చింది. మేము మాత్రం ముందుగా మన చెరువుల మీద బ్రతికేవారిని అడిగి, ఆ తరువాత సముద్రం మీద బ్రతికేవారిని అడుగుదామన్నాం. నీటిమీద మనిషిని మోసేది ఏదైనా ఆ నీటిని ఎరిగినవాడే చెప్పాలి గదా.

జనగామ దగ్గరి చీటకోడూరు రిజర్వాయరు మొదలుకొని మహబూబాబాదు జిల్లాలోని బయ్యారం చెరువు దాకా, అటు ములుగు వైపు రామప్ప, లక్నవరం, నర్సంపేట దగ్గరి పాకాల దాకా మనది చెరువుల దేశం. బయ్యారం చెరువును తవ్వించింది కాకతీయ గణపతిదేవుని చెల్లెలు మైలాంబ. అక్కడి శాసనం లేకుంటే కాకతీయుల వంశక్రమం మనకు ఇంత స్పష్టంగా తెలిసేది కాదు. ఈ చెరువుల కట్టలకు నీటివైపున రాళ్లు ఎందుకు పేర్చారో గమనించారా? చెరువులో లేచే చిన్న అలల కోసమే. గాలి నీటిమీద ఎంత దూరం అడ్డులేకుండా పరుగెత్తితే అల అంత ఎత్తు లేస్తుంది. చెరువులో ఆ పరుగు ఒకటి రెండు కిలోమీటర్లే కాబట్టి అల జానెడు మించదు. కాని ఆ జానెడు అలే ఏళ్ల తరబడి కొడితే మట్టికట్ట కరిగిపోతుంది. మన పెద్దలకు అది తెలుసు.

మా దగ్గరి చెరువులో వల వేసే ఒక ముదిరాజు తాత దగ్గరికి పిల్లలను తీసుకొని వెళ్లాం. ఆయన తెప్ప అంటే థర్మకోల్ దిమ్మె. చుట్టూ యూరియా సంచి పట్టాలు కుట్టి, పైన పాత వల చుట్టి బిగించాడు. దానిమీద బాసింపట్టు వేసుకొని కూర్చొని, రెండు చేతులతో చిన్న చెక్కలు పట్టి నీళ్లు తోస్తూ చెరువు మధ్యకు పోతాడు. ఆయన పాదం తడవదు. పిల్లల్లో ఒకడు ఫోనులో సన్నగా, కొనదేరి ఉన్న పలక బొమ్మ చూపించి, "తాతా, ఇసొంటిది ఈ చెర్ల నడుస్తదా?" అని అడిగాడు. తాత ఫోనును దూరంగా పట్టుకొని చూసి, "గిది కత్తి లెక్క ఉన్నది బిడ్డా. ఉరికే నీళ్లను కోస్తది. నిలబడ్డ నీళ్లల్ల కోసుడెందుకు, ఎడల్పు గావాలె గని" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. వలలో పడ్డ జెల్లచేపలను విడదీసుకుంటూ కూర్చున్నాడు.

ఆ మాటను ఇంటికి వచ్చి లెక్కవేయించాం. పిల్లలకు లెక్క నచ్చితే మాట నిలుస్తుంది. తాత దిమ్మె నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అరడుగు మందం. అంటే సుమారు 113 లీటర్ల చోటు. దానిని పూర్తిగా ముంచితే 113 కిలోల నీటిని ప్రక్కకు తోస్తుంది. థర్మకోల్ బరువు రెండు మూడు కిలోలే గనుక దానిమీద 110 కిలోల దాకా నిలుస్తుందన్నమాట. తాత బరువు యాభై దాటదు, అందుకే పాదం తడవలేదు. మరి అదే దిమ్మెను అంచుమీద నిలబెట్టి ఎక్కగలమా? లీటర్లు అవే, కాని బోర్లా పడవేస్తుంది. మోయడానికి లీటర్లు కావాలి, నిలవడానికి వెడల్పు కావాలి. ఇవి రెండూ వేరువేరు సంగతులని ఆ రోజు పిల్లలకు అర్థమైంది. బరువైనదానిని తేలికచేసే విద్య మన ప్రాంతానికి కొత్త కాదని కూడా చెప్పాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలుతాయి. లోపల గాలి గదులున్న ఇటుకలు కావడమే కారణం. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

సంక్రాంతి సెలవుల తరువాత మొత్తం ఇరవైమందిమి బయలుదేరాం. స్త్రీల సమాజం నుండి ముగ్గురు తల్లులు కూడా వచ్చారు. వరంగల్లులో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ. మహబూబాబాదు దాటాక డోర్నకల్ వచ్చింది. చీకట్లో మందిరం కనబడదు గాని, అటువైపు కిటికీల దగ్గరికి అందరం జరిగాం. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు పనిచేసిన ఊరు అది. 1939లో ప్రతిష్ఠించబడిన అక్కడి కథీడ్రల్‌ను చూచినవారికి తెలుసు, అది ఇంగ్లండునుండి ఎత్తి తెచ్చి పెట్టినట్టు ఉండదు. గుమ్మటాలు, స్తంభాలు, వాకిళ్లు ఈ దేశపు కట్టడాల పోలికలో ఉంటాయి. సువార్త ఎక్కడినుండి వచ్చినా మందిరం ఈ నేలను చూచి కట్టాలని ఆయన అనుకున్నాడు. ఈ సంగతి చెప్పుకుంటూ పులిహోర పొట్లాలు విప్పుకున్నాం.

విశాఖలో మొదటి ఉదయం మేము పిల్లలను బోర్డుల దగ్గరికి తీసుకుపోలేదు. జాలరులు ఒడ్డుకు వచ్చే చోటికి తీసుకుపోయాం. ఇప్పుడు ఎక్కువగా ఫైబరు పడవలే కనిపిస్తాయి గాని, ఈ తీరంలో తరతరాలుగా నడిచినది కట్టెల తెప్ప. తేలికైన దుంగలను మూడు నాలుగు ప్రక్కప్రక్కన చేర్చి తాళ్లతో కట్టేవారు. వేట ముగించి వచ్చాక తాళ్లు విప్పి దుంగలను ఇసుకమీద ఆరబెట్టేవారు, లేకపోతే నీళ్లు పీల్చి బరువెక్కుతాయి. పడవకు కడుపు ఉంటుంది, అల పడితే కడుపు నిండుతుంది. తెప్పకు కడుపే లేదు. పడ్డ నీళ్లు దుంగల సందుల్లోంచి కిందికి పోతాయి. విరిగే అలలను దాటి లోనికి పోవడానికి, తిరిగి వచ్చేటప్పుడు అల వెంబడి జారుతూ ఒడ్డెక్కడానికి అంతకన్నా తగిన సాధనం లేదు. తమిళులు దీనినే కట్టుమరం అంటారు. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను తీసుకొని కాటమరాన్ అని ప్రపంచమంతటా తిప్పారు. అంటే అలమీద సాగడం ఫోనుల్లోంచి మనకు వచ్చిన కొత్త వింత కాదు. మన జాలరులు రోజూ చేసిన పని, ఆట అని దానికి ఎవరూ పేరు పెట్టలేదు, అంతే.

ఆ మరుసటి ఉదయం ఋషికొండ వైపు బోర్డులు అద్దెకిచ్చి నేర్పే ఒక యువకుడిని కలిశాం. అతడు జాలరి కుటుంబపు బిడ్డే. జనవరి సముద్రం చాలా నెమ్మదిగా ఉంది. మోకాలి నుండి నడుము దాకా లేచే అలలు, అవి కూడా ఆగి ఆగి వస్తున్నాయి. బంగాళాఖాతంలో దక్షిణం నుండి వచ్చే పెద్ద అలలు వేసవిలోను, నైరుతి ఋతుపవనాల కాలంలోను బలంగా ఉంటాయి. తుఫాను లేని చలికాలంలో అల బలహీనపడుతుంది. నేర్చుకునేవారికి ఇదే మంచి కాలమని అతడన్నాడు.

గోడకు ఆనించిన బోర్డుల్లో మావాళ్ల కళ్లు వెంటనే ఒకదానిమీద పడ్డాయి. తెల్లగా, సన్నగా, రెండు కొనలూ పైకి వంగి, అంచులు పదునుగా ఉన్న బోర్డు. పొడవు 5 అడుగుల 10 అంగుళాలు, వెడల్పు పద్దెనిమిదిన్నర అంగుళాలు, మందం రెండంగుళాల పైచిలుకు. దానిమీద పెన్సిలుతో రాసిన లీటర్లు 25. ఆ ప్రక్కన నీలం రంగు స్పాంజి పొర వేసిన పెద్ద పలక ఉంది. 8 అడుగుల పొడవు, 22 అంగుళాలకు పైన వెడల్పు, 3 అంగుళాలకు పైన మందం, 70 లీటర్లకు తగ్గదు. అది చూడడానికి మంచం పట్టెకు వేసిన పరుపులా ఉంది. ఎవరికీ నచ్చలేదు.

"ఆ తెల్లదాన్ని ముట్టుకోకండి బాబూ," అన్నాడతడు నవ్వుతూ. "అది ఆగస్టు అలకి. ఈయాల అలకి ఒంట్లో బలం లేదు, అంచేత పలకే మనల్ని మొయ్యాల."

మావాడొకడు, అరవై కిలోల బరువువాడు, పట్టుబట్టి తెల్లదానినే తీసుకున్నాడు. అద్దె వాడిదే గనుక మేము అడ్డు చెప్పలేదు. నడుము లోతు నీటిలో దానిమీద బోర్లా పడుకోగానే బోర్డు కనబడకుండా పోయింది. వాడి గడ్డం దాకా నీళ్లు. చేతులతో ఎంత ఈడ్చినా ముందుకు సాగదు. వెనకనుండి అల వస్తుంది, వాడిని కొంచెం ఎత్తుతుంది, కిందనుండి జారి ఒడ్డుకు పోతుంది, వాడు అక్కడే ఉంటాడు. ఒక గంట ఇలా గడిచింది. ఒడ్డున తల్లులు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఎందుకలా అయిందో అతడు ఇసుకమీద గీసి చెప్పాడు. మేము అర్థం చేసుకున్నంతవరకు చెబుతాం. అల ఎత్తు సగానికి తగ్గితే దానిలోని శక్తి సగం కాదు, నాలుగో వంతే మిగులుతుంది. చిన్న అల ఎంత బీదదో దీనితో తెలుస్తుంది. ఆ అల మనలను పట్టుకోవాలంటే అది వచ్చే సమయానికి మనం దాదాపు దాని వేగంతో కదులుతూ ఉండాలి. పలక మునిగి ఉంటే ఆ వేగం రాదు. పలక పొడవుగా, మందంగా ఉంటే నీటిపైన తేలి, చేతుల నాలుగు ఈడ్పులకే ముందుకు జరుగుతుంది. ఇక అడుగుభాగం వెడల్పుగా, చదునుగా ఉంటే కొద్దిపాటి వేగానికే అది నీటిని తొక్కిపట్టి పైన జారడం మొదలుపెడుతుంది. సన్నని పలకకు అలా పైకి లేవాలంటే ఎక్కువ వేగం కావాలి. పెద్ద అల ఆ వేగాన్ని ఇస్తుంది, చిన్న అల ఇవ్వలేదు.

ఇది వింటూ ఉంటే మా ముగ్గురు తల్లుల్లో ఒకామె, "గిది మాకు ఎర్కనే గదా, మడి చదును చేసేటి మాను లెక్క" అన్నది. నిజమే. దమ్ము చేసిన వరిమడిలో ఎడ్లకు కట్టి లాగే చదును మాను మీద చిన్నప్పుడు ఎక్కి నిలబడనివారెవరు? ఎడ్లు నడిచేది మెల్లగానే. అయినా మాను వెడల్పుగా ఉంది గనుక బురదమీద జారిపోతుంది, బురద మన మోకాళ్లకు చిందుతుంది. అదే మానును సన్నగా చెక్కితే బురదలో దిగబడి ఎడ్ల మెడలు విరుస్తుంది. జనగామవాళ్లకు సముద్రం లేదనుకున్నాం గాని, ఆ ఆట మాకు మడిలోనే ఉంది.

అడుగుభాగపు వంపు మరో సంగతి. బోర్డును నేలమీద పెట్టి ప్రక్కనుండి చూస్తే మూతి, తోక ఎంత పైకి లేచాయో కనిపిస్తుంది. ఎక్కువ వంపు ఉంటే అది నీటిని తన ముందు తోసుకుంటూ పోతుంది, వేగం చస్తుంది. బలహీనమైన అలకు తక్కువ వంపు మంచిది. అయితే గోడలా నిలువుగా లేచి ఒడ్డునే విరిగే అలలో వంపు లేని పొడవాటి పలక తీసుకుపోతే మూతి నీళ్లలో గుచ్చుకొని మనిషిని తలక్రిందులుగా విసురుతుంది. విశాఖ తీరంలో అలాంటి చోట్లు కూడా ఉన్నాయి. కాబట్టి పెద్ద పలక అన్ని అలలకూ మందు కాదు. మెల్లగా వంగి, తెల్లని నురుగుగా దొర్లుకుంటూ వచ్చే అలకే అది తగినది. తోక వెడల్పు ఉంటే వెనుకకాలు కింద పలక కుంగదు. కింద అమర్చిన రెక్కలు పలకను దారి తప్పకుండా పట్టి ఉంచుతాయి.

ఇంకొక రకం కూడా అతడు చూపించాడు. పొట్టిదే, కాని వెడల్పు, మందం ఎక్కువ, తోక చేప తోకలా రెండుగా చీలి రెండు రెక్కలతో ఉంటుంది. దానిని చేప అనే పిలుస్తారు. 1967లో అమెరికాలోని శాన్ డియేగోలో స్టీవ్ లిస్ అనే యువకుడు దీనిని చేశాడు. నిలబడడానికి కాదు, మోకాళ్లమీద ఉండి అలమీద సాగడానికి. (ఈ మాట విని పాస్టరుగారు సంతోషించారు.) ఇప్పటికే నిలబడడం వచ్చినవారికి చిన్న అలల్లో అది చక్కని పలక. కొత్తవారికి మాత్రం నీలం పరుపే. మొదటిసారి నేర్చుకునేవారు తమ బరువు ఎన్ని కిలోలో కనీసం అన్ని లీటర్ల పలక తీసుకోవాలని అతడి లెక్క. 80 కిలోలవాడికి 70 లీటర్లు చాలవు, 9 అడుగుల పలక ఇవ్వాలి. 45 కిలోల పిల్లకు 7 అడుగులది సరిపోతుంది, పెద్దది ఇస్తే ఒడ్డుదాకా మోయలేదు కూడా. ఉప్పునీరు మంచినీటికన్నా వందకు రెండున్నర పాళ్లు బరువెక్కువ గనుక, సముద్రంలో చాలిన పలక చెరువులో ఇంకొంచెం దిగుతుంది. ఇది కొనేటప్పుడు గుర్తుంచుకోవలసిన సంగతి.

ఆ నీలం పలక లోపల ఏముందని పిల్లలు అడిగితే, "థర్మకోలే" అన్నాడు. మావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. యూరియా సంచికి బదులు పైన మెత్తని స్పాంజి, కింద నున్నని ప్లాస్టిక్ పొర, మధ్యలో బలానికి ఒక బద్ద. తాత తెప్పకు ఇది పట్నం చుట్టం.

ఆ రోజు మొదట లేచి నిలబడింది ఒక ఆడపిల్ల. ఇంటరు చదువుతున్నది. వాళ్ల పొలంలో ఇంకా నీళ్లున్న బావి ఒకటి మిగిలింది, తాతయ్య సొరబుర్ర కట్టి ఈత నేర్పాడట. ఆమెను నీళ్లలోకి పంపడం గురించి ముందురాత్రి తల్లుల మధ్య పెద్ద చర్చే జరిగింది. బట్టలెట్లా, చూచేవాళ్లెట్లా, రేపు సంబంధాలు చూచేటప్పుడు మాట వస్తే ఎట్లా. చివరికి పొడుగు చేతుల చొక్కా, పంజాబీ పైజామా, పైన లైఫ్ జాకెట్టు అని తీర్మానించారు. మూడో అలకు ఆమె మోకాళ్లమీద లేచింది, ఏడో అలకు నిలబడింది. పది అడుగుల దూరం సాగి పడిపోయింది. ఒడ్డున ఆమె తల్లి మా అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. తెల్లబోర్డువాడు మధ్యాహ్నం నుండి నీలం పలకకు మారాడు.

సాయంకాల ధ్యానంలో ఒక పెద్దాయన తన మనసులోనిది అడిగాడు. ఇది లోకసంబంధమైన ఆట కాదా, మిషనరీలు ఆపించారని విన్నామే అని. సగం నిజమే. ఈ ఆట పుట్టిల్లు హవాయి దీవులు. అక్కడి దొరలు తేలికైన కలపతో పదహారడుగులకు మించిన పలకలు కూడా చేయించుకునేవారు. వాటిని ఓలో అంటారు. పెద్దగా విరగని మెత్తని అలలమీద సాగడానికి ఆ పొడవు. సామాన్యులవి పొట్టివి, పలుచనివి. 1820లో బోస్టన్ నుండి మిషనరీలు అక్కడికి చేరారు. వస్త్రాలు లేకుండా ఆడడం, పందేలు కాయడం వారికి నచ్చలేదన్నది వాస్తవం. కాని ఆ శతాబ్దంలో ఆట క్షీణించడానికి అంతకన్నా పెద్ద కారణాలున్నాయి. బయటినుండి వచ్చిన రోగాలతో ఆ దీవుల జనం గుంపులు గుంపులుగా చనిపోయారు, మిగిలినవారి దినచర్య, భూములు, పనిపాటలు తలక్రిందులయ్యాయి. ఆడడానికి మనుషులే కరువయ్యారు. తరువాత ఆటను మళ్లీ లోకానికి చూపినవారిలో ముఖ్యుడు డ్యూక్ కహనమోకు, 1912, 1920 ఒలింపిక్స్ ఈతలో బంగారు పతకాలు గెలిచిన హవాయి బిడ్డ. మా అభిప్రాయం అడిగితే, పందెం పాపమే గాని పలక పాపం కాదు. బట్టల సంగతి మన తల్లులు ఇప్పటికే తీర్మానించారు.

పాస్టరుగారు మరో విషయం చెప్పారు. గలిలయ సముద్రమని మనం చదివేది నిజానికి మంచినీటి సరస్సు. పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువున్న చోట 13. చుట్టూ కొండలు ఉండడం వల్ల గాలి ఒక్కసారి కిందికి దూకుతుంది. 1986లో కరవు వచ్చి ఆ సరస్సు నీళ్లు వెనక్కి పోయినప్పుడు, గిన్నోసారు దగ్గర ఇద్దరు అన్నదమ్ములు బురదలో ఒక పాత దోనెను కనుగొన్నారు. అది ప్రభువు కాలానికి దగ్గరిదని పరిశోధకులు తేల్చారు. పొడవు 8 మీటర్లకు కొంచెం పైన, వెడల్పు 2.3 మీటర్లు. అడుగు చదునుగా ఉంది, ఒడ్డుకు దగ్గరగా లోతులేని నీళ్లలో వల వేయడానికి వీలుగా. దేవదారు పలకలు, సింధూర కర్ర ఊచలు, విరిగినచోట దొరికిన కర్రతో అతుకులు, మొత్తం పది రకాలకు పైగా కలప. బీదవాళ్ల దోనె. సీమోను దోనె ఇదేనని ఎవరూ చెప్పలేరు. ఆ నీటిమీద బ్రతికినవారు ఏ ఆకారాన్ని ఎన్నుకున్నారో మాత్రం కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. మాలో చెరువు తాతను చూచినవారికి ఆ వెడల్పు వింతగా తోచలేదు.

ఇక మూడో రోజు అతడు నేర్పినది పలక గురించి కాదు, నీటి గురించి. తల్లిదండ్రులు ఈ భాగాన్ని జాగ్రత్తగా చదవాలని మా మనవి. ఒడ్డున నిలబడి చూస్తే ఇరువైపులా అలలు తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒక పాయ మాత్రం విరగకుండా, ప్రశాంతంగా, రంగు మారి కనిపిస్తుంది. కొత్తవారు అదే మంచి చోటని దిగుతారు. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ తిరిగి లోనికి పోయే దారి అదే. మంచి ఈతగాడైనా దానికి ఎదురీది ఒడ్డు చేరలేడు. పడితే ఎదురీదకూడదు. తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా ప్రక్కకు జరిగి, అలలు విరిగే చోటికి వచ్చి వాటితో ఒడ్డెక్కాలి. పలక ఉంటే దానిని వదలకూడదు, దానికన్నా మంచి తెప్ప లేదు. అందుకే పలకను కాలికి తాడుతో కడతారు. స్నేహితుడు కొట్టుకుపోతుంటే ఈత రానివాడు వెంట దూకకూడదు. తాడో, ట్యూబో, ఖాళీ నీళ్ల డబ్బానో విసరాలి. మన మత్తళ్ల దగ్గర ఒకరి వెంట ఒకరు పోయిన కుటుంబాల సంగతి తెలిసినవారికి ఈ మాట బరువు తెలుసు.

తిరుగు ప్రయాణంలో డబ్బుల మూట మళ్లీ బయటికి వచ్చింది. వాడిన బోర్డు తక్కువకు ఇస్తామని ఒకరు చెప్పి ఉన్నారు. మా కుర్రవాళ్లు దానిని చేత్తో ఎత్తి చూచి వద్దన్నారు. ఎక్కడో చిల్లుపడి నీళ్లు తాగింది, ఉండవలసిన బరువుకు ఎక్కువుంది, అడుగు పొర అక్కడక్కడ ఉబ్బింది. మూడు రోజుల క్రితం అయితే రంగు చూసి కొనేవారు. పైగా చెరువులో విరిగే అల లేదు గనుక సర్ఫింగ్ బోర్డు చెరువులో పండుకోవడానికి తప్ప పనికిరాదని వాళ్లే తేల్చారు. నిలబడి తెడ్డు వేసే పలకలు వేరే ఉన్నాయి, వెడల్పు 32 అంగుళాల వరకు. అవి నిలకడ నీళ్లకు తగినవి. వాటి ధర విన్నాక ఆ ముచ్చట ఖమ్మం స్టేషన్లోనే ముగిసింది.

మహబూబాబాదు దాటేలోగా తీర్మానమైంది. పత్తి డబ్బులతో ఆరు లైఫ్ జాకెట్లు, రెండు పొడవాటి తాళ్లు, రెండు లారీ ట్యూబులు. వేసవి సెలవుల్లో, ఆ ఇంటరు పిల్ల వాళ్ల బావిలో, ఆమె తాతయ్య గట్టుమీద కూర్చొని ఉండగా సండేస్కూలు పిల్లలకు ఈత. మగపిల్లలకు పొద్దున, ఆడపిల్లలకు తల్లుల సమక్షంలో సాయంత్రం. సొరబుర్రల కోసం ఈ ఏడు పందిరికి నాలుగు కాయలు ముదరనిచ్చి ఎండబెట్టమని స్త్రీల సమాజానికి చెప్పారు. పలక వచ్చే జనవరికి అద్దెకే. కొలత మాత్రం యవ్వనస్థుల కార్యదర్శి మినిట్సు పుస్తకంలో రాసుకున్నాడు: 8 అడుగుల పొడవు, 22 అంగుళాల వెడల్పు, 3 అంగుళాలకు తగ్గని మందం, అడుగు చదును, పైన స్పాంజి, కాలితాడు తప్పనిసరి.